భీమిలి ఉప్పుగాలికి తట్టుకుని, తేనెటీగలు వాలే పూల మొక్క ఏది?

బీచ్ రోడ్డు పక్కన ఇల్లు, ఉప్పుగాలికి బంతీ చామంతీ మాడిపోతున్నాయి, తేనెటీగలు రాక దోస పిందెలు నిలవట్లేదు, ఏం వెయ్యాలి అని అడిగారు కదండీ. మాదీ ఆ పక్కే. దీనికి నర్సరీకి వెళ్ళక్కర్లేదు.

గోస్తనీ సముద్రంలో కలిసే వైపు ఉప్పు బురద గట్ల మీద ఒక మొక్క పాకుతూ ఉంటుంది. ఎర్రటి కాడలు, గంగవాయిలి కూరలా దళసరి ఆకులు, గులాబీ రంగు చిన్న పూలు. శాస్త్రీయ నామం సెసూవియం పోర్టులకాస్ట్రమ్. కొన్నేళ్ళుగా మా పెరటి గోడ వారన అదే ఉంది. గాలి ఎంత కొట్టినా దానికేం కాదు. లోపలికి వచ్చిన ఉప్పును కణాల్లోని నీటిలో దాచేసుకుంటుంది, అందుకే ఆకు కొరికి చూస్తే ఉప్పగా ఉంటుంది.

పువ్వు వేలిగోరంతే గానీ దగ్గర కూర్చుని చూడండి. ఆ గులాబీ రెక్కలు నిజానికి ఆకర్షక పత్రాలు కావు, రక్షక పత్రాలే. లోపలివైపు గులాబీ, వెలుపల పచ్చ. ముడుచుకుంటే అక్కడ పువ్వుందనే తెలియదు. రోజులో కొద్ది గంటలే విచ్చుకుంటుంది. మా దగ్గరైతే ఎండెక్కాక చిన్న తేనెటీగలు వచ్చి కేసరాల మధ్యకు దూరి, పొట్టంతా పుప్పొడి పూసుకుని పక్క పువ్వుకు పోతాయి. నీలి రంగు బుల్లి సీతాకోకచిలుకలూ, చీమలూ సరేసరి.

వానాకాలంలో వేలెడు కాడ తుంచి, సగం ఇసుక కలిపిన మట్టిలో గుచ్చండి. కణుపుల దగ్గర వేళ్ళు వేస్తుంది. ఉప్పునీళ్ళు పొయ్యక్కర్లేదు, మామూలు నీళ్ళు చాలు. ఎండ బాగా తగలాలి, నీళ్ళు నిలవకూడదు.

ఒక్క మాట. కాడ తుంచుకోండి గానీ, మొక్కను వేళ్ళతో పీక్కురావద్దు. ఆ వేళ్ళే గట్టును పట్టి ఉంచుతాయి. విశాఖలో ఇన్నర్ హార్బర్ ఉన్న చోటు ఒకప్పుడు ఉప్పు చిత్తడే. దాన్ని తవ్వి 1933లో ఓడరేవు తెరిచారు. అలాంటి నేల మనకు మిగిలిందే తక్కువ. 2019 తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్‌లో ఉప్పు చిత్తడి నేలలు సీఆర్‌జెడ్-1ఏ కిందికి, అంటే గట్టి రక్షణ ఉన్న వర్గంలోకి వస్తాయి.

ఆ గోస్తనీ గట్ల మీదే తేలుకొండి జాతి మొక్క ఒకటి కనిపిస్తుంది, తేలు తోకలా వంగిన కంకికి తెల్లటి పూలు. దాని మీద సీతాకోకచిలుకలు బాగా వాలతాయి. కొన్ని జాతుల మగవి జత కోసం వాడే వాసనకు కావలసిన రసాయనాన్ని అలాంటి మొక్కల నుంచే పీల్చుకుంటాయి. కానీ ఆ రసాయనం పశువుల కాలేయానికి విషం. ఆవు గానీ మేక గానీ ఉంటే పెరట్లోకి తేవద్దు.

ఇక మీ పాదుల సంగతి. దోస, గుమ్మడి పొద్దున్నే పూస్తాయి కాబట్టి తేనెటీగలు అలవాటు పడితే పిందె నిలుస్తుంది. ఆనప సాయంత్రం పూస్తుంది, దానికి ఇవి అక్కరకు రావు. చీకటి పడే వేళ మగపువ్వు తెంపి ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. పూత మీదున్నన్నాళ్ళు పురుగుమందు మాత్రం కొట్టకండి.