టెక్ సందేహాలు: రీస్టార్ట్ కొట్టేముందు లోపల ఒకసారి చూడండి

ప్రశ్న: మాది విడవలూరు. రొయ్యల గుంటల దగ్గర రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పెట్టి, నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను సెన్సర్‌తో కొలిచే పైథాన్ ప్రోగ్రామ్ రాసుకున్నాను. ఆక్సిజన్ తగ్గితే అదే ఏరియేటర్లు ఆన్ చేస్తుంది. వారం పది రోజులు బాగా నడిచి, ఉన్నట్టుండి రీడింగులు ఆగిపోతున్నాయి. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ మూతపడదు. రీస్టార్ట్ చేస్తే మళ్లీ మామూలే. కారణం ఎలా పట్టుకోవాలి?

జవాబు: రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ ఆధారం చెరిగిపోతోందండీ. ఏ లైను దగ్గర ఆగింది, అప్పుడు ఏ వేరియబుల్‌లో ఏముంది అన్నవన్నీ ఆ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) మెమరీలోనే ఉంటాయి. ప్రాసెస్ పోతే అవీ పోతాయి. లాగ్ ఫైలులో చూద్దామంటే, మీరు ముందే ఊహించి రాయించినవి తప్ప అందులో ఇంకేమీ దొరకవు.

ముందుగా పై-స్పై (py-spy) అనే ఉచిత టూల్‌ను, పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే పిప్‌తో ఇన్‌స్టాల్ చేసి పెట్టుకోండి. ఈసారి రీడింగులు ఆగగానే ప్రోగ్రామ్‌ను ముట్టుకోకుండా, ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి కంప్యూటర్‌లోకి వెళ్లే దారి) లాగిన్ అయి, సుడోతో (అడ్మిన్ హక్కులతో) 'పై-స్పై డంప్' కమాండ్‌కు ఆ ప్రాసెస్ నంబరు ఇవ్వండి. ప్రతి థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పని) ఏ ఫైలులో, ఏ ఫంక్షన్‌లో, ఎన్నో లైను దగ్గర ఉందో చూపిస్తుంది. 'లోకల్స్' ఆప్షన్ కూడా ఇస్తే వేరియబుల్స్ విలువలూ కనిపిస్తాయి. మీ కోడ్‌లో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు.

నా అనుమానం సీరియల్ పోర్ట్ చదివే లైను మీద. ఆ పోర్ట్ చదవడానికి వాడే పైసీరియల్ లైబ్రరీలో టైమవుట్ (ఎంతసేపు ఎదురుచూడాలన్న గడువు) ఇవ్వకపోతే, అడిగినన్ని బైట్లు వచ్చేదాకా రీడ్ ఎదురుచూస్తూనే ఉంటుంది. గట్టు మీద తేమకు కనెక్టర్ తుప్పు పట్టి ఒక్క బైటు పోయినా చాలు, ప్రోగ్రామ్ అక్కడే నిలబడిపోతుంది. రీడింగులను రిక్వెస్ట్స్ లైబ్రరీతో సర్వర్‌కు పంపుతుంటే అదీ చూడండి. దానికీ టైమవుట్ మనం ఇస్తేనే ఉంటుంది.

పైథాన్ 3.14లో ఇంకో మంచి సదుపాయం వచ్చింది. నడుస్తున్న ప్రాసెస్‌కు పీడీబీని (పైథాన్‌లో తప్పులు వెతికే డీబగ్గర్) బయటి నుంచే తగిలించి, కన్సోల్‌లో వేరియబుల్స్ అడగొచ్చు, మార్చొచ్చు కూడా. ఆ ప్రోగ్రామూ, తగిలించే పీడీబీ రెండూ 3.14 మీదే నడవాలి. అయితే ప్రోగ్రామ్ రీడ్‌లో ఇరుక్కుని ఉంటే, తర్వాతి పైథాన్ ఇన్‌స్ట్రక్షన్ దాకా కదిలితే గానీ పీడీబీ లోపలికి పోలేదు. మీ సమస్యకు పై-స్పైని ముందు చెప్పింది అందుకే.

ఇక్కడ ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పీడీబీ ప్రాంప్ట్ తెరిచి ఉన్నంతసేపూ మీ ప్రోగ్రామ్ ఆగి ఉంటుంది. ఏరియేటర్లకు ఆదేశాలు వెళ్లవు. గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారకముందు, ఆ వేళప్పుడు ఈ పని పెట్టుకోవద్దు. పగలు ఎండ బాగా ఉన్నప్పుడు, ఏరియేటర్లను చేత్తో ఆన్ చేశాకే కూర్చోండి. ఇంటి నుంచి చూసుకోవచ్చని డీబగ్ కన్సోల్‌ను ఇంటర్నెట్‌కు తెరిచిన పోర్టులో అసలే పెట్టొద్దు. ఆ పోర్టు దొరికినవాడికి మీ ఏరియేటర్ల స్విచ్ దొరికినట్టే.

నడుస్తున్న ప్రోగ్రామ్‌ను దూరం నుంచి పరీక్షించడం కొత్త సంగతేమీ కాదు. 1999 మేలో నాసా వారి డీప్ స్పేస్ 1 వ్యోమనౌకలో లిస్ప్ భాషలో రాసిన రిమోట్ ఏజెంట్ అనే ప్రోగ్రామ్ ఇలాగే నిలిచిపోయింది. నౌక కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నా, ప్రోగ్రామ్ స్థితిని భూమి మీదికి తెప్పించుకుని చూసి, థ్రెడ్ల మధ్య రేస్ కండిషన్ (ఏది ముందు నడిచిందన్న దాన్ని బట్టి ఫలితం మారిపోయే లోపం) వల్లే ఆగిందని ఇంజనీర్లు తేల్చారు.

ప్రశ్న: ఒంగోలులో బీటెక్ చదువుతున్నాను. క్రోమ్ కన్సోల్‌లో ఆబ్జెక్ట్ ప్రింట్ చేస్తే పైన ఒక విలువ, బాణం నొక్కి తెరిస్తే ఇంకో విలువ కనిపిస్తోంది. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నిజమేనమ్మా, వేళలు వేరు. పైన కనిపించేది ప్రింట్ చేసినప్పటి విలువ. బాణం నొక్కితే వచ్చేది నువ్వు తెరిచినప్పటి విలువ. మధ్యలో మీ కోడే దాన్ని మార్చి ఉంటుంది. ఆ క్షణం నాటి విలువే కావాలంటే స్ట్రక్చర్డ్‌క్లోన్ అనే ఫంక్షన్‌తో కాపీ తీసి ప్రింట్ చెయ్యి. అంతకంటే మంచిది, ఆ లైను దగ్గర 'డీబగ్గర్' అని రాసి, డెవ్‌టూల్స్ తెరిచి పేజీ రీలోడ్ చెయ్యడం. ప్రోగ్రామ్ అక్కడే ఆగుతుంది. కన్సోల్‌లో ఆ ఫంక్షన్ లోపలి వేరియబుల్స్‌ను పేరు పెట్టి అడగొచ్చు.

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ యూనిట్ మాది. జావాలో రాయించుకున్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇద్దరు ఒకేసారి బిల్లు కొడితే బిగుసుకుపోతోంది. రాసినతను 'నా దగ్గర బాగానే ఉంది' అంటున్నాడు.

జవాబు: బిగుసుకున్నప్పుడు మూసేయకుండా, ఆ కంప్యూటర్లో జేడీకే (జావా ప్రోగ్రాములు రాసేవాళ్ల టూల్స్) ఉంటే, కమాండ్ ప్రాంప్ట్‌లో 'జేసీఎండీ' (jcmd) అని కొట్టండి. నడుస్తున్న జావా ప్రోగ్రాములు నంబర్లతో సహా వస్తాయి. మళ్లీ జేసీఎండీ, ఆ నంబరు, 'థ్రెడ్ డాట్ ప్రింట్' (Thread.print) అని వరసగా ఇచ్చి, వచ్చినదంతా ఫైలులో దాచి అతనికి పంపండి. రెండు థ్రెడ్లు ఒకదాని లాక్ కోసం ఒకటి ఎదురుచూస్తుంటే, డెడ్‌లాక్ ఉందని చివర్లో అదే రాసి చూపిస్తుంది, లైను నంబర్లతో సహా.