డ్రమ్ము స్మోకర్‌కి 304 కావాలా, 202 చాలా?

ప్రశ్న: డల్లాస్‌లో ఉండే మా బావ ఇంటి వెనక డ్రమ్ముతో చేసుకున్న స్మోకర్‌లో (సన్నటి వేడి మీద, కట్టె పొగ పట్టిస్తూ మాంసం వండే పొయ్యి) వండి పెట్టాడు. అప్పటి నుంచి అలాంటిది చేయించుకోవాలని మనసు లాగుతోంది. ఆయనది మామూలు ఇనప డ్రమ్ము, నేను స్టెయిన్‌లెస్ స్టీల్‌తో చేయిద్దామనుకుంటున్నా. ఫ్యాబ్రికేషన్ షాపతను 202 గ్రేడు స్టీలు చాలంటాడు, స్నేహితులేమో 304 తప్ప వద్దంటారు. మందం ఎంత ఉండాలి? ముందువైపు తలుపు పెట్టించమంటారా?
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ బావగారిది 55 గ్యాలన్ల డ్రమ్ము అయ్యుంటుంది, మన లెక్కలో సుమారు 200 లీటర్లది. టెక్సాస్‌లో ఇంట్లో చేసుకునేవాళ్లు ఎక్కువగా దాంతోనే మొదలుపెడతారు. అడుగున బొగ్గు బుట్ట, పైన జాలీ, మధ్యలో రెండడుగుల ఖాళీ, అంతే. అందులో మాంసం బాగా కుదరడానికి కారణం గాలి ఎక్కడ దూరుతోందో, ఎక్కడ బయటికి పోతోందో మనిషి అదుపులో ఉండటం. స్టీలు మార్చినంత మాత్రాన రుచి మారదండీ. మారేది తుప్పు విషయం ఒక్కటే. వానాకాలం డాబా మీద వదిలేసినా ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఇనుము) డ్రమ్ముకి లాగా మాటిమాటికీ రంగు కొట్టుకోనక్కర్లేదు. ఆ సుఖం కోసమైతే ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) పెట్టండి, తప్పులేదు.

ఇక గ్రేడు సంగతి. 304లో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దరిదాపుల్లో ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచుతారు, అందుకే చవక. హనుమకొండలో 120 డిగ్రీల దగ్గర నడిచే డ్రమ్ముకి 202 సరిపోతుంది, మీ షాపతను చెప్పింది సబబే. మీరు కాకినాడలోనో విశాఖలోనో సముద్రానికి దగ్గరగా ఉంటే మాత్రం ఉప్పుగాలి దెబ్బకి 304కే ఓటేసేవాణ్ణి. ఒక్క జాగ్రత్త: 304 డబ్బులు తీసుకుని 202 అంటగట్టేవాళ్లుంటారు, అయస్కాంతం అతుక్కోలేదు చూడండి అంటారు. 202కి కూడా అయస్కాంతం అతుక్కోదు! కాబట్టి ఆ పరీక్షతో ఏమీ తేలదు. రసాయనం చుక్క వేసి బ్యాటరీ తగిలించి రంగు చూసే చిన్న కిట్ స్టీలు వ్యాపారుల దగ్గర దొరుకుతుంది, దాంతో చూపించమనండి, బిల్లు మీద గ్రేడు కూడా రాయించుకోండి.

మందం 16 గేజ్, అంటే ఒకటిన్నర మిల్లీమీటరు, చాలు. ఇంకా పలచనైతే వంకర్లు పోతుంది. ఎస్ఎస్‌లో వేడి ఎమ్మెస్‌లో పాకినంత తొందరగా పాకదు, మూడోవంతు వేగం అనుకోండి, పైగా వేడికి ఎక్కువ సాగుతుంది. అందుకని నిప్పుకి దగ్గరున్న చోట ముందు పసుపు, తర్వాత నీలం మరకలు వస్తాయి. అది మామూలే, కంగారుపడి షాపుకి పరిగెత్తకండి. బొగ్గు బుట్ట మాత్రం గోడకి తగలకుండా రెండు అంగుళాలు ఎడంగా, బూడిద రాలడానికి కింద పళ్లెంతో పెట్టించుకోండి.

తలుపు వద్దు. డ్రమ్ముని నిలువుగా కోసి తలుపు పెట్టారంటే ఆ సందుల్లోంచి గాలి దూరుతూనే ఉంటుంది, ఇక గాలిని అదుపు చేసే కింది వాల్వుని మీరు ఎంత తిప్పినా ప్రయోజనం ఉండదు. పైమూత ఒక్కటే, బిగుతుగా కూర్చునేది పెట్టించుకోండి. తలుపుకి మిర్రర్ ఫినిష్ అడిగేవాళ్లే బాల్ వాల్వు దగ్గర బేరాలాడతారు, అదేంటో! అడుగు నుంచి రెండు అంగుళాల ఎత్తున ముప్పావు అంగుళం రంధ్రాలు మూడు వేయించి, ఒకదానికి బాల్ వాల్వు, మిగతా రెండింటికి మరమూతలు పెట్టించండి. పైమూతలో రెండంగుళాల గొట్టం. వంట జరిగినంతసేపూ పైగొట్టం పూర్తిగా తెరిచే ఉండాలి, వేడి పెంచాలన్నా తగ్గించాలన్నా కింద వాల్వుతోనే. పైన మూస్తే పొగ లోపలే నిలిచి మాంసం చేదెక్కుతుంది.

అతుకులు ఆర్గాన్ వెల్డింగ్‌తో వేయించండి. ఎమ్మెస్ కోసిన గ్రైండర్ డిస్కుతోనే ఎస్ఎస్ రాశారంటే ఇనప రజను అంటుకుని మీ ఖరీదైన డ్రమ్ము కూడా అక్కడక్కడా తుప్పు మరకలు పడుతుంది. ఇనప పీచుతో తోమినా అంతే. లోపల జీఐ (జింక్ పూత పూసిన ఇనుము) జాలీ మాత్రం వద్దే వద్దు, ఆ పూత 420 డిగ్రీలకి కరుగుతుంది, నిప్పు పక్కన ఆ వేడి పెద్ద లెక్క కాదు. థర్మామీటరు మూతకి ఒక్కటే బిగిస్తే అది మూత దగ్గరి వేడే చెబుతుంది, మాంసం దగ్గరది కాదు. జాలీ ఎత్తులో ఇంకోటి పెట్టుకోండి.

ప్రశ్న: పాత సామాన్ల దగ్గర మందుల ఫ్యాక్టరీల నుంచి వచ్చిన స్టీలు డ్రమ్ములు సగం ధరకే దొరుకుతున్నాయి. బాగా కాల్చి కడిగేస్తే సరిపోదా?
– జీడిమెట్ల నుంచి ఒకరు

జవాబు: సరిపోదు. అందులో ఏ సాల్వెంట్ పోశారో అమ్మేవాడికే తెలియదు, మూత బిగించి ఉన్న డ్రమ్ముని కోస్తుంటే లోపలి ఆవిరి అంటుకుని పేలిన సందర్భాలు లోకంలో బోలెడు. తిండి పదార్థాలు పోసిన డ్రమ్ము అని కాగితం చూపిస్తే తీసుకోండి, లేదంటే కొత్త రేకు చుట్టించుకోండి. కొత్తదైనా సరే, వండే ముందు నిప్పు పెట్టి రెండు మూడు గంటలు గట్టిగా మండనివ్వండి, షాపులో పూసిన నూనెంతా పోతుంది.

ప్రశ్న: అమెరికాలో పొగకి వాడే హికరీ, మెస్కీట్ కట్టెలు మాకు దొరకవు. ఏ కట్టె వాడాలి? నీళ్లలో నానబెట్టాలా? మొదటిసారి చేసిన చికెన్ చేదుగా ఉందని ఇంట్లో ఎవరూ ముట్టలేదు.
– గుంటూరు పాఠకురాలు

జవాబు: మెస్కీట్ దొరకదని ఎవరన్నారండీ, ఊరి చివర చెరువు గట్టు నిండా ఉంది! మన సర్కారు తుమ్మ ఆ జాతిదే. టెక్సాస్ మెస్కీట్‌కి దగ్గరి చుట్టం, అది కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. దాని బొగ్గు గట్టిగా, చాలాసేపు కాలుతుంది. కట్టెగా మాత్రం పొగ ఘాటు ఎక్కువ, చికెన్‌కి గుప్పెడు ముక్క చాలు. నన్నడిగితే బొగ్గు సర్కారు తుమ్మది, పొగకి మామిడో జామో, బాగా ఆరినవి. వేప వద్దు, నీలగిరి వద్దు, రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ అసలే వద్దు.

నానబెట్టకండి. ఆ నీళ్లు ఆవిరయ్యేదాకా కట్టె మసలుతుంది తప్ప మంచి పొగ రాదు. మీ చేదుకి కారణం దాదాపుగా ఇదే అయ్యుంటుంది: తెల్లగా, దట్టంగా పొగ కక్కుతుండగానే మాంసం పెట్టేశారు. పొగ పలచబడి, లేత నీలంగా, కనబడీ కనబడనట్టు వచ్చేదాకా ఆగండి. బొగ్గంతా ఒకేసారి రాజెయ్యకండి, బుట్ట నిండా రగలని బొగ్గు పోసి పైన కాసిని రగిలిన నిప్పులు వేస్తే మెల్లగా కిందికి దిగుతూ గంటల తరబడి నడుస్తుంది. 95 డిగ్రీలు దాటుతుండగానే వాల్వు తగ్గించడం మొదలుపెట్టండి, ఎందుకంటే ఒకసారి 160కి పోయిందంటే దించడం నరకం. మూత మాటిమాటికీ తీసి చూడకండి, తీసిన ప్రతిసారీ గాలి దూరి నిప్పు ఎగుస్తుంది. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన కూడా ఉండదు.

ప్రశ్న: మాంసం పైపొర కింద ఎర్రగా ఉంది. ఉడకలేదని అత్తయ్య తిరిగి కుక్కర్‌లో పెట్టించారు!
– పేరు వద్దన్న పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: పొగలో ఉండే నైట్రిక్ ఆక్సైడ్ మాంసంలోని ఎర్రటి పదార్థంతో కలిస్తే అంచు చుట్టూ ఆ గులాబీ వలయం వస్తుంది, ఉడికినా పోదు. రంగు చూసి తేల్చకండి. చికెన్‌లో ఎముకకి తగలకుండా మధ్యలో థర్మామీటరు గుచ్చితే 74 డిగ్రీలు (మీ దగ్గరైతే 165 ఫారెన్‌హీట్) చూపించాలి. మేక ముందుకాలు లాంటిది ఎముక నుంచి జారాలంటే 93 దాకా పోవాలి. మధ్యలో 65, 70 దగ్గర చాలాసేపు కదలకుండా నిలబడిపోతుంది, చెమట పట్టి చల్లబడటం వల్ల. అప్పుడు వాల్వు తెరిచి మంట పెంచకుండా ఫాయిల్ చుట్టేయండి, మన మేకకి కొవ్వు తక్కువ కాబట్టి ఎండిపోకుండా కూడా ఉంటుంది. ఈసారి థర్మామీటరు అత్తయ్యగారి చేతికే ఇచ్చి గుచ్చమనండి.