తెల్లవారుజామున చెమటలు, ముందుకొచ్చిన పొట్ట... మా బాబుకు ఏమైంది?

ప్రశ్న: మా బాబుకు పద్నాలుగు నెలలు. బుగ్గలు బొద్దుగా ఉంటాయి, పొట్ట ముందుకొచ్చింది, ఎత్తు మాత్రం పెరగడం లేదు. తెల్లవారుజామున చెమటతో తడిసి నీరసంగా లేస్తాడు. పోయిన నెల ఒకసారి ఫిట్స్ వచ్చాయి. స్కానింగ్‌లో కాలేయం పెద్దదైందన్నారు, ముక్క తీసి పరీక్షించాలంటున్నారు. మాది మేనరికం. లోపం నా వైపుదేనని ఇంట్లో అంటున్నారు. - ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: ముక్క పరీక్షకు తొందరపడకండి. మీ ఉత్తరంలో నన్ను ఆపింది పొట్ట కాదు, చెమట పట్టే వేళ. పాలు తాగిన కొన్ని గంటలకే ఇలా అవుతోందంటే రక్తంలో చక్కెర పడిపోతోందని అనుమానించాలి. గ్లైకోజెన్ స్టోరేజ్ డిసీజ్ మొదటి రకంలో సరిగ్గా ఇలాగే ఉంటుంది. తిన్నదాంట్లో కొంత కాలేయం గ్లైకోజెన్‌గా దాచుకుని, కడుపు ఖాళీ అయినప్పుడు గ్లూకోజుగా మార్చి వదులుతుంది. ఆ చివరి పని చేసే ఎంజైమ్ కొరవడితే గాదె నిండా వడ్లున్నా బిడ్డకు పస్తే.

చక్కెర తగ్గిన సమయంలో తీసిన రక్తంలో లాక్టేట్, యూరిక్ యాసిడ్, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉంటే అనుమానం బలపడుతుంది. పరీక్ష కోసమని బాబును ఇంట్లో ఆకలితో ఉంచవద్దు; అది ఆసుపత్రిలోనే జరగాలి. నిర్ధారణకు జన్యు పరీక్ష చాలు. పంజాగుట్టలోని నిమ్స్‌లో జన్యువైద్య విభాగం ఉంది, ముందు అక్కడ చూపించండి.

మందు ఏమిటంటే మీరు నమ్మరు: పచ్చి కార్న్‌ఫ్లోర్. రొట్టెలు చేసుకునే పసుపు మొక్కజొన్న పిండి కాదు, తెల్లటి మెత్తని గంజిపిండి. చల్లని నీళ్లలో కలిపి పడితే మెల్లగా అరుగుతూ గంటల తరబడి గ్లూకోజు అందిస్తుంది. ఈ వయసులో సాధారణంగా నాలుగు గంటలకోసారి, అర్ధరాత్రి కూడా ఇవ్వాలి. మోతాదు బరువును బట్టి డాక్టరు చెబుతారు. చెంచాలతో కాదు, గ్రాముల తూకంతో కొలవండి. నా దగ్గరకు వచ్చే ఒక పాప అమ్మమ్మ, పచ్చిపిండి అరగదని జాలిపడి జావ కాచి పట్టారు. ఉడికితే పిండి త్వరగా అరిగిపోతుంది, రక్షణ ఉండదు. పాప మళ్లీ తెల్లవారుజామునే చెమటలతో లేచింది. పంచదార, బెల్లం, తేనె, పండ్లు దూరం పెట్టాలి, పాలు తగ్గించాలి. అన్నం, పప్పు, కూరలు పెట్టవచ్చు. అలారాలు పెట్టుకుని లేవడం మొదట్లో నరకంగానే ఉంటుంది, కాదనను.

లోపం ఎవరిదన్న ప్రశ్నకు: ఈ జబ్బు రావాలంటే చెడిన జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి. ఇద్దరిదీ సమాన వాటా. ప్రతి కాన్పులోనూ ఈ ముప్పు 25 శాతం. బాబు జన్యులోపం ముందే తెలిసి ఉంటే, వచ్చే గర్భంలో మూడో నెలలోనే పరీక్ష చేయించుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త మరవద్దు. వాంతులు పట్టుకుని పిండి కడుపులో నిలవకపోతే ఇంట్లో చిట్కాలు వద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లి గ్లూకోజు సెలైన్ పెట్టించాలి. రింగర్ లాక్టేట్ అనే మరో రకం సెలైన్ మాత్రం ఈ పిల్లలకు ఎక్కించకూడదు. జబ్బు ఖాయమైతే, మీ డాక్టరు చేత ఒక కాగితం మీద ఈ రెండు మాటలూ పెద్ద అక్షరాలతో రాయించి బాబు సంచిలో ఉంచుకోండి.