కొన్న పెయింటింగ్‌ని క్యాలెండరు మీద వేయవచ్చా? ప్రెస్సు వాడిగా నా అనుభవం

మీ నాన్నగారు ఎప్పుడో కొన్న పెయింటింగ్‌ని ఫోటో తీసి మీ షాపు క్యాలెండరు మీద వేయవచ్చా, పాత చందమామ అట్ట మీది వడ్డాది పాపయ్య గారి బొమ్మ వాడవచ్చా, ఊళ్లో విగ్రహాల ఫోటోల మాటేమిటి అని అడిగారు. "డబ్బిచ్చి కొన్నాక మనదే కదా" అన్నారు చూడండి, ఒకప్పుడు నేనూ అదే మాట అన్నాను.

విజయనగరంలో నాకు చిన్న ప్రెస్సు ఉంది. కొన్నేళ్ల కిందట ఒక బియ్యం వ్యాపారి తన ఇంట్లో ఉన్న సిరిమాను జాతర పెయింటింగ్‌ని ఫోటో తీసి తెచ్చి, అయిదు వందల క్యాలెండర్లు కొట్టమన్నారు. మంచి బొమ్మ. ఊరేగే పొడవాటి మాను చివర కూర్చున్న పూజారి, కింద ఇసకేస్తే రాలని జనం, గాల్లో అరటిపండ్లు. డేట్ ప్యాడ్‌కి చోటు చాలక కింద రెండంగుళాలు కోసేశాం. బెస్తవారి వల సగం పోయింది, దాని పక్కనున్న చిత్రకారుడి సంతకమూ పోయింది. ఆ మూలకి షాపు సెల్ నంబరు వచ్చి కూర్చుంది. ప్రూఫ్ చూసి ఓకే చేసింది నేనే.

సంక్రాంతి వెళ్లాక ఒకావిడ చుట్టిన క్యాలెండరు పట్టుకుని వచ్చారు. టేబుల్ మీద పరిచి, సెల్ నంబరు మీద వేలు పెట్టి, "ఇక్కడ మా నాన్న పేరుండాలండీ. ఏటైపోయింది?" అన్నారు. ఆయన డ్రాయింగ్ మాస్టారట, పోయి మూడేళ్లయిందట. ఆవిడ గట్టిగా అరిచి ఉంటే నేనూ ఏదో ఒకటి అందును. అరవలేదు.

తెలిసిన వకీలు దగ్గరికి పరుగెత్తాను. ఆయన చెప్పింది ఇదీ: బొమ్మ వేరు, దాన్ని కాపీ చేసే హక్కు వేరు. కొన్నప్పుడు మనకి వచ్చేది గోడకి తగిలించుకునే ఆ ఒక్క బొమ్మే. ఫోటో తీసి అచ్చేసే హక్కు 1957 కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడి దగ్గరే ఉంటుంది, ఆయన రాతపూర్వకంగా ఇస్తే తప్ప మారదు. ఆయన పోయాక మరో 60 ఏళ్లు వారసులది. రిజిస్ట్రేషన్ చేయించలేదు కదా అనడానికీ లేదు, అది లేకపోయినా హక్కు ఉంటుంది. క్యాలెండర్లు ఊరికే పంచుతున్నాం కదా అన్నా చెల్లదు.

అందుకని మీ నాన్నగారిని ఒక్క మాట అడగండి: ఆ బొమ్మ కొన్నారా, గీయించుకున్నారా? ఎందుకంటే డబ్బిచ్చి ప్రత్యేకంగా గీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు కాపీరైట్ గీయించుకున్న వారిదే. 17వ సెక్షన్ అది. మా వ్యాపారి మాత్రం తయారుగా ఉన్న బొమ్మని కొన్నారు.

గీయించుకున్నా సరే, పేరు కోసేయడం, బొమ్మని పాడు చేయడం కుదరదు. 57వ సెక్షన్ కింద ఆ హక్కు చిత్రకారుడితోనే ఉండిపోతుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లోని తన కంచు శిల్పాన్ని ఊడదీసి పాడుచేశారని శిల్పి అమర్‌నాథ్ సెహగల్ సాక్షాత్తూ కేంద్ర ప్రభుత్వం మీదే కేసు వేశారు. శిల్పం ప్రభుత్వానిదే, అయినా 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకి తిరిగిమ్మని, అయిదు లక్షల పరిహారం కట్టమని తీర్పిచ్చింది. ఇది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా గొడవ కోర్టు దాకా పోలేదు. పంచకుండా మిగిలిన వాటి మీద మాస్టారి పేరుతో స్లిప్పులు అంటించాం. ఆవిడకి ఇవ్వాల్సింది నేనూ వ్యాపారీ చెరి సగం ఇచ్చుకున్నాం (ఆయన ఇప్పటికీ సణుగుతారు, అది వేరే సంగతి). మరుసటి ఏడు ఆవిడే ఉత్తరం రాసిచ్చారు: ఏ బొమ్మ, ఎన్ని కాపీలు, ఏ సంవత్సరం, పేరు ఎక్కడ వేయాలి. మీరూ అలాగే రాయించుకోండి. గడువు రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగా లెక్కేస్తుంది.

పాపయ్య గారు మన శ్రీకాకుళంలోనే పుట్టారు. 1992 డిసెంబరులో పోయారు. కాబట్టి 2052 ఆఖరి దాకా ఆయన బొమ్మలకి కాపీరైట్ ఉంది. అట్ట ఫోటో మీ ఫోన్లో దాచుకుని మురిసిపోండి, షాపు పేరుతో మాత్రం అచ్చు వేయకండి. అంతగా పాత బొమ్మే కావాలంటే రవివర్మ ఉన్నారు. 1906లో పోయారు, హక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది. మీ ఇంట్లో పాత రవివర్మ లక్ష్మీదేవి పటం ఉంటే, అద్దం తీసి, ఫ్లాష్ లేకుండా ఫోటో తీసుకోండి.

విగ్రహాలకి భయం లేదు. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫోటో తీసి అచ్చేసుకోవచ్చు. మా గంటస్తంభం లాంటి కట్టడాలకీ అంతే. విగ్రహాన్ని చూసి దానిలాంటి చిన్న విగ్రహాలు పోతపోసి అమ్మడానికి మాత్రం ఈ మినహాయింపు వర్తించదు. గోడల మీద వేసే పెయింటింగులూ ఫోటోల మినహాయింపులో లేవు, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. గుడిలో, మ్యూజియంలో "ఫోటోలు తీయరాదు" అని బోర్డుంటే అది కాపీరైట్ గొడవ కాదు, ఆ చోటి నియమం. దానికి వాళ్లనే అడగాలి.

ముందు మీ పెయింటింగ్‌ని గోడ మీంచి దించి వెనక చూడండి. కొంతమంది పేరూ ఊరూ ఫ్రేము వెనక రాస్తారు. మా మాస్టారు పెన్సిల్‌తో ఇంటి అడ్రసుతో సహా రాశారని తర్వాత చూస్తే తెలిసింది. అక్కడి నుంచి మా ప్రెస్సుకి నడిచొస్తే పది నిమిషాలు.