థాయ్‌లాండ్‌లో మన నమస్కారం చెల్లుతుందా?

ప్రశ్న: మా అబ్బాయికి బ్యాంకాక్‌లో ఉద్యోగం వచ్చింది, కోడలూ వెళుతోంది. అక్కడా చేతులు జోడించే పలకరిస్తారట కదా, మన నమస్కారం సరిపోదా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: జోడించడం ఒకటే, లెక్క వేరు. దాన్ని ‘వాయ్’ అంటారు. చిన్నవాళ్లు ముందు పెట్టాలి, పెద్దవాళ్లు బదులిస్తారు. మామూలుగా పెద్దవాళ్లకైతే బొటనవేళ్లు గడ్డానికి తగలాలి. తల్లిదండ్రులకి, గురువులకి ముక్కు కొసకి, బౌద్ధ భిక్షువులకి కనుబొమల మధ్యకి. చేతులు ఎంత పైకి వెళితే తల అంత వంగాలి. భిక్షువు తిరిగి వాయ్ పెట్టరు, చిన్నబుచ్చుకోవద్దు.

మనవాళ్లు తప్పేది ఎక్కడంటే, మర్యాద ఎక్కువై అందరికీ దండం పెట్టేస్తారు. హోటల్ కుర్రాడికీ, దుకాణంలో అమ్మాయికీ, చిన్నపిల్లలకీ మీరే ముందు వాయ్ పెడితే వాళ్లు ఇబ్బంది పడతారు. నవ్వి తల ఊపితే చాలు. అబ్బాయి ‘సవాత్‌దీ ఖ్రాప్’ అనాలి, కోడలు ‘సవాత్‌దీ ఖా’ అనాలి. ఎదుటివాళ్లు ఎవరైనా సరే, ఆ చివరి మాట పలికేవాళ్లని బట్టే మారుతుంది. పై అధికారి తల్లి కనిపించగానే కాళ్లకి దండం పెట్టబోవద్దు, పలకరింపులో అక్కడ ఆ అలవాటు లేదు.

ప్రశ్న: పక్కింటి థాయ్ కుటుంబం మా చెల్లెలి వాళ్లని భోజనానికి పిలిచింది. వీళ్లు శాకాహారులు. ఏం జాగ్రత్తలు చెప్పాలి?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తిండి సంగతి ముందు రోజే చెప్పేయాలి, బల్ల దగ్గర కాదు. ‘మాంసం తినం’ అని ఊరుకుంటే కూరలో ముక్క ఉండదు గానీ చేపల ఊట (నాం ప్లా), రొయ్యల ముద్ద (కపి) ఉండొచ్చు. వంట చేసేవాళ్ల లెక్కలో అవి ఉప్పు లాంటివి. అందుకని ‘కిన్ జే’ అనాలి. జే వంటలో మాంసం, చేప, గుడ్డు, పాలతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. అవి మానేసిన ఇళ్లకి ఇంతకన్నా సుఖం లేదు. బయట తినాలంటే పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న బండి వెతుక్కోవాలి. గుడ్డు, పాలు పరవాలేదనుకుంటే ‘మంగ్సవిరాత్’ అనాలి, కానీ అక్కడ నాం ప్లా వద్దని విడిగా చెప్పాల్సిందే.

చెప్పులు బయటే విడవాలి. కింద కూర్చుంటే కాళ్లు ఒక పక్కకి మడవాలి. అరికాలు ఎవరి వైపూ, ముఖ్యంగా బుద్ధుడి పటం వైపు ఉండకూడదు. తినేవాళ్లనీ, వడ్డించిన గిన్నెల్నీ దాటి వెళ్లకూడదు. పిల్లాడు ముద్దొస్తే బుగ్గ నిమరండి గానీ తల మీద చెయ్యి వేయకండి. మనకది దీవెన. వాళ్లకి తల ఒంట్లో అన్నిటికన్నా పవిత్రమైన చోటు, పరాయి చెయ్యి పడకూడదు.

కుడిచేత చెంచా, ఎడమచేత ఫోర్కు. ఫోర్కు పని అన్నాన్ని చెంచాలోకి తొయ్యడమే, నోట్లోకి వెళ్లేది చెంచా. చేత్తో తినేది జిగురన్నం మాత్రం. కూరలు మధ్యలో ఉంటాయి. మన విస్తరిలోలా అన్నీ ఒకేసారి వడ్డించుకుంటే ఆశపోతులా కనిపిస్తారు. ఒక కూర ఒకటి రెండు చెంచాలు, అదయ్యాక ఇంకొకటి, అదీ ఉమ్మడి చెంచాతోనే. గుంటూరు నాలుకకి కారం భయం లేదుగానీ, నూడుల్స్ కొట్టులో బల్ల మీది నాలుగు డబ్బాల్లో ఒకటి పంచదార. ఉప్పనుకుని గుమ్మరించొద్దు.

పట్టుకెళ్లిన పళ్లో, మిఠాయో విప్పకుండా పక్కన పెడతారు. నచ్చక కాదు, ఇచ్చినవాళ్ల ముందు విప్పడం బాగుండదని.

ప్రశ్న: ఆడవాళ్లు భిక్షువులకి ఏమైనా ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇవ్వవచ్చు, తాకకూడదు. చీవరం (భిక్షువు కట్టుకునే వస్త్రం) అంచు తగిలినా తప్పే. ఏ వస్తువైనా ఆయన పరిచిన గుడ్డ మీద పెట్టాలి, లేదా మగవాళ్ల చేత ఇప్పించాలి. తెల్లవారాక భిక్షకి వచ్చినప్పుడు చెప్పులు విడిచి, పాత్రలో అన్నం పెట్టి, వాయ్ పెట్టాలి. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోవద్దు. దక్షిణ చేతిలో పెట్టడం మన అలవాటు. భిక్షువుల నియమం ప్రకారం వాళ్లు డబ్బు ముట్టకూడదు. గుడిలో హుండీ ఉంటుంది.

ప్రశ్న: రాజుగారి విషయంలో చాలా కఠినమట, నిజమేనా?
– ఒక పాఠకుడు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: నిజం. రాజుని అవమానిస్తే శిక్షాస్మృతి 112వ సెక్షన్ కింద ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ల జైలు. విదేశీయులకీ మినహాయింపు లేదు, కాబట్టి వాట్సాప్ జోకులు కూడా వద్దు. నాణెం దొర్లిపోతుంటే కాలితో ఆపకండి, దాని మీద రాజు బొమ్మ ఉంటుంది. ఉదయం 8 గంటలకి, సాయంత్రం 6 గంటలకి స్టేషన్లలో, పార్కుల్లో జాతీయగీతం వినిపిస్తే నడక ఆపి నిలబడాలి.

ప్రశ్న: వచ్చేటప్పుడు బుద్ధుడి విగ్రహం తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, అమరావతి

జవాబు: మెడలో వేసుకునే చిన్న రక్షరేకు లాంటిదైతే ఇబ్బంది లేదు. విగ్రహానికి మాత్రం అక్కడి లలితకళల శాఖ అనుమతి పత్రం కావాలి. ఆ పని మీ తరఫున దుకాణంవాళ్లు చేసిపెడతారేమో కొనేముందే అడగండి. అప్పటికప్పుడు వచ్చే పత్రం కాదు, ప్రయాణానికి ముందురోజు కొంటే అందదు.