ఎర్ర పెట్టెలోని గొట్టం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

భవనాల్లో, మిల్లుల్లో ఏర్పాటు చేసే అగ్నిమాపక గొట్టాల వాడకం, సంరక్షణ గురించి వచ్చిన ఉత్తరాలలో అయిదింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది పది అంతస్తుల అపార్టుమెంటు. కట్టి ఎనిమిదేళ్లయింది. ప్రతి అంతస్తులో మెట్ల పక్కన ఎర్ర పెట్టెల్లో గొట్టాలు ఉన్నాయి గాని, ఇంతవరకు ఎవరూ వాటిని బయటికి తీసిన పాపాన పోలేదు. ఈమధ్య ఒకటి తీసి చూస్తే మడతల దగ్గర అతుక్కుపోయి ఉంది. నిర్వహణ చూసే సంస్థవారు అన్నీ మార్చాలంటూ అంచనా పంపారు. అన్నీ మార్చక తప్పదా?
– అసోసియేషన్ కార్యదర్శి, హైదరాబాద్

సమాధానం: అన్నిటినీ ఒక్కసారే మార్చనక్కరలేదు. ముందు పరీక్ష చేయించి, అందులో నిలవని వాటిని మార్చండి. మీ పెట్టెల్లో సాధారణంగా ఉండేది 63 మిల్లీమీటర్ల వ్యాసం, 15 మీటర్ల పొడవు గల గొట్టం. దానికి పైన గట్టి సింథటిక్ నేత, లోపల రబ్బరు పొర ఉంటాయి. నేత కంటే ముందు పాడయ్యేది రబ్బరే, అదీ మడత పడినచోటే. ఏళ్ల తరబడి కదపకుండా ఉంచితే ఆ గీత వెంబడి లోపలి పొరలు ఒకదానికొకటి అంటుకుని, నీటి ఒత్తిడికి విడివడేటప్పుడు చిరిగిపోతాయి. అందుకే ప్రతి మూడు నాలుగు నెలలకు ఒకసారి గొట్టాన్ని పూర్తిగా పరిచి, మడత పాత గీత మీద పడకుండా జరిపి తిరిగి చుట్టాలి. ఖర్చు లేని పని ఇదే, ఎవరూ చేయనిదీ ఇదే.

పరీక్ష కోసం గొట్టాన్ని కింద చదునైన చోట తిన్నగా పరిచి, ఒక కొసను వాల్వుకు తగిలించి, రెండో కొస తెరిచి ఉంచి నెమ్మదిగా నీళ్లు వదలాలి. లోపలి గాలంతా పోయి నీటి ధార నిలకడగా వచ్చాక వాల్వు కట్టి, ఆ కొసకు మూత బిగించి, మళ్లీ ఒత్తిడి ఎక్కించాలి. గాలి మిగిలి ఉండగా మూత బిగిస్తే, గొట్టం పగిలినప్పుడు మూత రాయిలా ఎగిరి మనిషికి తగులుతుంది కాబట్టి ఈ క్రమం తప్పకూడదు. కొసలకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. పంపు ఇచ్చే పూర్తి ఒత్తిడిలో అయిదు నిమిషాలు ఉంచి, నేత మీద చెమట పట్టినట్టు తడి ఊరుతోందా, కప్లింగ్ (గొట్టం కొసన ఉండే లోహపు జోడింపు) దగ్గర చుట్టిన తీగ కింద నుంచి గొట్టం జారుతోందా అని చూడాలి. నేతలోంచి నీరు ఊరితే ఆ గొట్టం పక్కన పెట్టేయవలసిందే. కప్లింగ్ దగ్గర మాత్రమే కారుతుంటే తరచుగా లోపలి రబ్బరు వాషరే కారణమవుతుంది. వాషరు మారిస్తే సరిపోయేదానికి గొట్టం మొత్తం మార్పించే అంచనాలు రావడం అరుదేమీ కాదు. కొత్తవి కొనవలసి వస్తే ఐఎస్ 636 ప్రమాణం ప్రకారం ఐఎస్‌ఐ గుర్తు ఉన్నవే తీసుకోండి.

ఇక మీరు అడగకపోయినా చెప్పవలసినది ఒకటుంది. గొట్టాల కంటే ముందు పంపుల గదికి వెళ్లి ప్యానెల్ మీద స్విచ్చి ఎక్కడ ఉందో చూడండి. పైపుల్లో ఒత్తిడి కాస్త తగ్గగానే చిన్న జాకీ పంపు, బాగా తగ్గితే పెద్ద పంపు, కరెంటు లేకపోతే డీజిల్ పంపు వాటంతటవే నడిచేలా ఈ ఏర్పాటు ఉంటుంది. స్విచ్చి ఆటోలో ఉంటేనే అది పనిచేస్తుంది. ఎక్కడో ఒక వాల్వు సన్నగా కారుతుంటుంది, జాకీ పంపు రాత్రంతా ఆగి ఆగి మోగుతుంటుంది, కింది ఫ్లాటువారు నిద్ర పట్టడం లేదంటారు, వాచ్‌మన్ స్విచ్చి కట్టేస్తాడు. కారే వాల్వును బాగుచేయించకుండా అలా కట్టేసిన భవనంలో ప్రతి అంతస్తులోనూ సరికొత్త గొట్టం పెట్టినా నీళ్లు రావు. డీజిల్ పంపు బ్యాటరీ దిగిపోయి ఉండటం కూడా ఇంతే మామూలు విషయం. వారానికి ఒకసారి దాన్ని నడిపించి చూడాలి. పంపుల సంగతి తేలాలంటే మేడ మీద చివరి వాల్వుకు గొట్టం తగిలించి నీళ్లు వదిలి చూడాలి. పంపుకు అన్నిటికంటే దూరంగా ఉన్న ఆ వాల్వు దగ్గర, నీళ్లు పారుతుండగా కూడా 3.5 కిలోల ప్రెషర్ (చదరపు సెంటీమీటరుకు) నిలవాలి.

ప్రశ్న: మా సముదాయంలో అగ్నిమాపక విన్యాసం జరిగినప్పుడు పెద్ద గొట్టం పట్టుకున్న యువకుడి చేతిలోంచి అది ఎగిరిపోయింది. అదృష్టం బాగుండి ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇళ్లలో ఎక్కువగా ఉండే మహిళలు, పెద్దవాళ్లు దీన్ని ఎలా వాడాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: వాళ్లు దాన్ని వాడకపోవడమే మంచిది. 15 మీటర్ల గొట్టం నిండితే లోపల దాదాపు 47 లీటర్ల నీరు ఉంటుంది, అంటే అంతే కిలోల బరువు. 20 మిల్లీమీటర్ల నాజిల్ (గొట్టం చివర నీరు చిమ్మే మూతి) నుంచి 3.5 కిలోల ప్రెషర్‌తో నీరు దూకుతున్నప్పుడు, పట్టుకున్న మనిషిని అది సుమారు 22 కిలోల బలంతో వెనక్కి నెడుతుంది. ప్రెషర్ రెట్టింపయితే ఆ నెట్టుడూ రెట్టింపవుతుంది. దీనికి శిక్షణ పొందిన ఇద్దరు కావాలి. ఒకరు నాజిల్‌ను నడుముకు ఆనించి పట్టుకుని ఒక కాలు ముందుకు వేసి నిలబడితే, రెండోవారు వెనకనుంచి గొట్టాన్ని చంకలో ఇరికించి బరువు మోయాలి. వాల్వు దగ్గర ఉండే మూడో మనిషి, వీరు సిద్ధమని కేక వేశాకే, అదీ కొద్దికొద్దిగా తిప్పాలి. గొట్టం చేయి జారితే దాన్ని పట్టుకోబోవద్దు, వాల్వు కట్టేయాలి.

మీలాంటివారికోసం ఉద్దేశించినది అదే పెట్టెలో గాని, దాని పక్కన గాని గుండ్రని చక్రానికి చుట్టి ఉండే సన్నని రబ్బరు గొట్టం, అంటే హోస్ రీల్. పెద్ద గొట్టాన్ని పూర్తిగా పరచకుండా నీళ్లు వదిలితే మెలికలు పడి మూసుకుపోతుంది. రీల్ మీదిది గట్టి గొట్టం కాబట్టి సగమే లాగినా నీళ్లు వస్తాయి, ఒక్కరే పట్టుకోగలరు, నాజిల్ దగ్గరే కట్టేయవచ్చు. ముందు వాల్వు తిప్పండి, నాజిల్ తెరిచి నీరు వస్తోందని అక్కడే చూసుకోండి, ఆ తర్వాతే గొట్టం లాక్కుంటూ మంటవైపు వెళ్లండి. మంట దగ్గరికి చేరాక నీళ్లు రావడం లేదని తెలుసుకోవడం కంటే ప్రమాదం లేదు. ఆ ఇంటి కరెంటు మెయిన్ కట్టేశాకే నీళ్లు కొట్టాలి. మరిగే నూనె మీద ఎప్పుడూ కొట్టకూడదు. పొగ నడుము ఎత్తుకు దిగిందంటే గొట్టం అక్కడే వదిలి, తలుపు దగ్గరికి వేసి, మెట్ల దారిన దిగిపోండి.

ప్రశ్న: మా భవనంలో రెండుసార్లు ఇత్తడి నాజిళ్లు పోయాయి. అందుకే పెట్టెలన్నిటికీ తాళాలు వేసి, తాళంచెవుల గుత్తి వాచ్‌మన్ దగ్గర ఉంచాం. ఇది సరైనదేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: కాదు. రాత్రి రెండు గంటలకు ఏడో అంతస్తులో మంట లేస్తే వాచ్‌మన్‌ను వెతుక్కోవలసి వస్తుంది. తుక్కు దుకాణంలో ధర పలికేది గన్‌మెటల్, ఇత్తడి కాబట్టి వాటికి బదులు ఐఎస్‌ఐ గుర్తు ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు నాజిళ్లు పెట్టించండి. తాళం తీసేసి, తెరిస్తే తెగిపోయే పల్చని ప్లాస్టిక్ సీలు వేయండి. సీలు తెగిందా అని రోజూ ఒకసారి చూస్తే దొంగతనం ఆ రోజే బయటపడుతుంది.

ప్రశ్న: మాకు పత్తి జిన్నింగ్ మిల్లు ఉంది. సీజన్‌లో చిన్న చిన్న మంటలు వస్తూనే ఉంటాయి. గొట్టంతో నీళ్లు కొడితే మండే పత్తి ఎగిరి పక్క కుప్పల మీద పడుతోంది. వాడిన గొట్టాలు కూడా ఏడాది తిరగకుండానే పాడవుతున్నాయి.
– మిల్లు యజమాని, వరంగల్ జిల్లా

సమాధానం: మీరు వాడుతున్నది తిన్నని ధారగా కొట్టే నాజిల్ అయి ఉంటుంది. విడి పత్తి మీద అది పనికిరాదు. ధారను, తుంపరను మార్చుకోగలిగే నాజిల్ తగిలించి, దూరం నుంచి తుంపరగా, కుప్ప అంచుల నుంచి మధ్యకు తడుపుతూ రావాలి. పైన మంట ఆరినంత మాత్రాన పత్తి ఆరినట్టు కాదు. బేలు (పట్టీలతో బిగించి కట్టిన పత్తి మూట) లోపల నిప్పు గంటల తరబడి రాజుకుంటూ ఉండి, అందరూ వెళ్లిపోయాక మళ్లీ లేస్తుంది. అనుమానమున్న బేళ్లను ఆరుబయటికి లాగించి, పట్టీలు కోసి, విప్పి తడపండి, రాత్రంతా మనిషిని కాపలా పెట్టండి.

గొట్టాలు పాడవడానికి మంట కంటే, తర్వాత జరిగేదే ఎక్కువ కారణం. బురదతో, తడితో అలాగే చుట్టి పెట్టెలో కుక్కితే నేతకు బూజు పడుతుంది, ఎలుకలు చేరతాయి. వాడిన వెంటనే మంచినీటితో, మెత్తని బ్రష్షుతో కడిగి, ఎత్తైన చోట నుంచి వేలాడదీసి లోపలి నీరంతా కారనిచ్చి, నీడలోనే ఆరబెట్టాలి. ఎండ రబ్బరును పెళుసుగా చేస్తుంది. గింజలు మోసే ట్రాక్టర్లు పరిచిన గొట్టం మీదుగా పోతుంటే రెండు వైపులా చెక్కలు వేసి దారి చేయండి. కప్లింగ్ స్ప్రింగు పట్టేసిందని గ్రీజు దట్టంగా పూస్తారు, అది రబ్బరు వాషరును మెత్తబరిచి ఉబ్బిస్తుంది. వాషరుకు నూనె, గ్రీజు తగలనివ్వకండి.

ప్రశ్న: గేటు పక్కన గోడకు రెండు నోళ్లున్న ఎర్ర పైపు ఒకటి ఉంది. దాని ముందు కార్లు నిలపవచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: నిలపకూడదు. మీ పంపులు పనిచేయకపోయినా, సంపు ఖాళీ అయినా, 101కు ఫోన్ చేస్తే వచ్చే ఫైరింజను తన పంపుతో పై అంతస్తుల పైపుల్లోకి నీరు ఎక్కించేది ఆ నోళ్ల ద్వారానే. ముందు స్థలం ఖాళీగా ఉంచడంతోపాటు, మూతలు చేత్తో ఊడివస్తున్నాయో లేదో చూడండి. భవనానికి రంగులు వేయించినప్పుడు మూతల్ని కూడా కలిపి పూసేయడం వల్ల అవి బిగుసుకుపోయి, సుత్తి లేకుండా రాని స్థితికి చేరుతుంటాయి.