పిల్లలతో పొలానికి వెళ్తే పని నడుస్తున్న రోజే వెళ్లండి

ఐదేళ్ల లోపు పిల్లలతో సెలవుల్లో పొలానికి వెళ్తే వాళ్లకు విసుగొస్తుందా, డబ్బులు పెట్టి ఫార్మ్ స్టేకి వెళ్లడమే నయమా అని అడిగారు. నా మాట ఒకటే, పని నడుస్తున్న పొలానికి వెళ్లండి. పనిలేని పొలంలో పెద్దవాళ్లకే అరగంటకు తోచదు, ఇక పిల్లల సంగతి చెప్పాలా! కోతో పీకుడో జరుగుతుంటే మాత్రం వాళ్లను కారెక్కించడం మీ తరం కాదు.

మేముండేది హైదరాబాద్‌లో. మా మేనమామకు అచ్చంపేట వైపు ఎర్ర చెలక ఉంది, బోరు కింద యాసంగిలో పల్లి వేస్తాడు. సెప్టెంబరు చివర్లో విత్తిన పల్లి 110, 120 రోజులకు చేతికొస్తుంది, అంటే సరిగ్గా సంక్రాంతి సెలవులకి. ఎండ బాధ ఉండదు, పిల్లల చేతికి అందే పంట, కొడవలితో పనిలేదు. పాలమూరు వైపు చుట్టాలున్నవాళ్లు ఆ సెలవుల్లో మాల్స్‌లో ఎందుకు తిరుగుతారో నాకు అర్థం కాదు.

పోయిన సంక్రాంతికి మేం వెళ్లేసరికి సగం చెలకలో పీకుడు నడుస్తోంది. మిగతా సగం ఇంకా ఆగాలా వద్దా అని మామ గట్టు మీద కూర్చొని కాయలు పగలగొట్టి చూస్తున్నాడు. పెంకు లోపలి వైపు తెల్లగా ఉంటే కాయ ఇంకా లేతది, నల్లబడితే ముదిరినట్టు. మా చిన్నోడికి మూడేళ్లు, ఆ పని వాడికి అప్పజెప్పాడు. మామ పగలగొట్టడం, వాడు తొంగిచూసి "తాతా, నలుపు!" "తాతా, తెలుపు!" అని అరవడం. చాలాసేపు వాడు నా వైపు కూడా చూడలేదు.

ఐదేళ్ల పాప నేరుగా చాళ్లలోకి వెళ్లి ఆకులు పట్టి లాగింది, ఆకులే చేతికొచ్చాయి. "కొసలు పడ్తె రాదు బిడ్డా, మొదలు కాడ పట్టి గుంజు" అన్నాడు మామ. ముందురోజు స్ప్రింక్లర్లు పెట్టి నేల తడిపారు కాబట్టి ఈసారి చెట్టు మొత్తం ఊడొచ్చింది, పాప వెనక్కి పడింది. నేను పరిగెత్తబోతే లేచి కూర్చుని, వేళ్లకు గుత్తులుగా వేలాడుతున్న కాయల్నే చూస్తోంది. "వీటిని మట్టిలో ఎవరు దాచారు?" అని అడిగింది. మామ ఆ చెట్టుకే మిగిలిన ఒక పసుపుపచ్చ పువ్వు చూపించాడు, ఇంకా మట్టి చేరని సన్నటి ఊడను చూపించాడు. పువ్వు పైన పూస్తుంది, ఊడ కిందికి దిగి మట్టిలోకి వెళ్తుంది, దాని కొసన కాయ ఊరుతుంది. పల్లి పొడి లేనిదే ముద్ద ముట్టని పిల్లకు ఆ సంగతి ఇప్పుడు తెలిసింది. ఇక ప్రతి చెట్టూ తిరగేసి, మట్టి చేరని ఊడలు వెతుక్కుంటూ తిరిగింది. స్కూల్లో వర్క్‌షీట్ మీద రంగులేయించి మొక్క భాగాలు నేర్పిస్తారు చూడండి, ఆ ఏడాది పాఠమంతా ఆ ఒక్క పూటలో అయిపోయిందని నేను గట్టిగా చెప్తాను.

మధ్యాహ్నం పాప కాయ తెంపే ఆడవాళ్ల పక్కన చేరింది. వాళ్లకు డబ్బా లెక్కన కూలి, అందుకే చేతులు ఆగవు. ఒకామె తన ముందున్న కుప్పలోంచి నాలుగు చెట్లు ఇటు తోసి "నీయి నువ్వు తెంపు" అంది. పాప తెంపినవన్నీ ఆమె డబ్బాలోనే వేసింది. నాకు బాధ కలిగించింది వేరే. ఆ చెలకలో మరుగుదొడ్డి లేదు. ఒక్క పూట కోసం వచ్చిన నాకే అంత ఇబ్బందైతే, కూలికొచ్చే ఆ ఆడవాళ్లకు రోజూ అంతే. దీని గురించి ఎవరూ మాట్లాడరు.

ఇక ఫార్మ్ స్టేల గురించి. మొయినాబాద్, చేవెళ్ల వైపు ఒకదానికి వెళ్లాం. లాన్, స్విమ్మింగ్ పూల్, బోనులో కుందేళ్లు, ఫొటోల కోసం రంగులేసిన ఎడ్లబండి. పంట మాత్రం ఎక్కడా లేదు. ఒకప్పుడు జొన్న పండిన నేలను గుంటల లెక్కన అమ్మేసి దాన్నే ఫార్మ్ అంటే నాకు కోపమొస్తుంది. మహారాష్ట్ర ప్రభుత్వం 2020లో వ్యవసాయ పర్యాటకానికి ఒక విధానం తెచ్చింది. మన దగ్గరా నిజంగా సేద్యం చేసే రైతుకు ఒక గది, ఒక టాయిలెట్ కట్టుకునే సాయం చేస్తే ఆ డబ్బులేవో ఆయనకే వస్తాయి కదా.

జాగ్రత్తలు మాత్రం గట్టిగా ఉండాలి. వాడని బోరు గుంతలు ఎక్కడున్నాయో ముందే అడగండి, 2017లో చేవెళ్ల దగ్గరే ఒక పసిపాప అలా బోరు గుంతలో పడి చనిపోయింది. మోటారు స్టార్టరు డబ్బా వైపు, బావి వైపు పిల్లల్ని పోనివ్వద్దు. చేనుకు పురుగుమందు ఎప్పుడు కొట్టారో కనుక్కోండి, దసరాకి పత్తి చేలల్లోకి వెళ్లేవాళ్లు మరీను. మా మామ అడవి పందులు రాకుండా చుట్టూ పాత చీరలు కడతాడు, కానీ కొందరు కరెంటు తీగలు పెడతారు, కాబట్టి తెలియని చేలోకి చీకట్లో అడుగు పెట్టొద్దు. అక్కడ కాల్చిన పల్లికాయలు ఎంత బాగున్నా, చిన్నపిల్లలకు గింజ గింజగా ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడుతుంది. చిన్నోడికి నేను మెత్తగా నలిపి పెట్టాను.

పొలం ఉన్న చుట్టాలు లేరంటారా? మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌నో, ఇంట్లో పనికొచ్చే ఆమెనో అడగండి, వాళ్లలో ఎవరికో ఒకరికి ఊళ్లో చెలక ఉంటుంది. వెళ్లే ముందు ఫోన్ చేసి "ఇప్పుడు ఏం పని నడుస్తోంది?" అని అడగండి. వెళ్లాక ఆ రైతు దగ్గరే ఒక బస్తా కాయ కొనండి, బేరమాడొద్దు. సంక్రాంతికి కుదరకపోతే శివరాత్రి ముందు కందగడ్డలు, అంటే చిలగడదుంపలు, తవ్వుతారు, అది కూడా పిల్లలు చేయగల పనే. బట్టలు మాత్రం రెండు జతలు ఎక్కువ పెట్టుకోండి, ఎర్రమట్టి ఒక పట్టాన వదలదు.